సాయం లింకు పెట్టగానే ఆఫీసు గ్రూపులో కొట్లాట ఎందుకు?

'బెంగళూరులో మా తెలుగు ఐటీ వాళ్ల గ్రూపులో ఎవరికైనా సాయం అడిగితే చాలు, తిట్లదాకా పోతోంది. ఎందుకిలా?' అని ఒకరు అడిగారు.

జాలి లేక కాదండీ, అడిగే పద్ధతి సరిగ్గా లేక. వైట్‌ఫీల్డ్ అయినా ఎలక్ట్రానిక్ సిటీ అయినా గొడవ నడిచే తీరు ఒక్కటే. బ్లడ్ క్యాన్సర్ వచ్చిన పిల్లాడి ఫోటో, కింద లింకు, 12 లక్షలు కావాలి, ప్లీజ్ హెల్ప్. కాసేపటికి ఒకరు 'జెన్యూనేనా బ్రో?' అంటారు. అడగాల్సిన ప్రశ్నే. కానీ పెట్టినవారికి తనను దొంగ అన్నట్టు వినిపించి, 'ఇవ్వకపోతే మూసుకో' అంటారు. 'ముందు నువ్వెంతిచ్చావో స్క్రీన్‌షాట్ పెట్టు' అని మూడోవారు. తర్వాత 'మా ఊరి బడికి బెంచీలడిగితే ఒక్కడూ పలకలేదే', ఆ వెనకే జిల్లా, కులం. అర్ధరాత్రికి ఇద్దరు గ్రూపు వదిలేస్తారు. ఆసుపత్రికి మాత్రం ఎవరూ ఫోన్ చేసి ఉండరు.

ఆ మొదటి మెసేజ్‌లోనే ఆసుపత్రి లెటర్‌హెడ్ మీద తేదీ, సంతకంతో ఎస్టిమేట్, పేషెంట్ యూహెచ్‌ఐడీ నంబరు (ఆసుపత్రి ఇచ్చే రోగి గుర్తింపు సంఖ్య), ఆసుపత్రి బిల్లింగ్ ఖాతా వివరాలు, స్వయంగా వెళ్లి చూసొచ్చిన ఒకరి పేరు ఉంటే సగం మంటకు కట్టెలే ఉండవు. ఇవన్నీ కుటుంబం ఒప్పుకున్నాకే పెట్టాలి. రిపోర్టులు మొత్తం, పిల్లాడి ఫోటో అక్కర్లేదు. డబ్బు నేరుగా ఆసుపత్రి ఖాతాకే వెళ్లాలి, రిమార్క్స్‌లో యూహెచ్‌ఐడీ రాయాలి. ఒకరి ఫోన్‌పేకి పోగేస్తే ఎంత మంచివారికైనా లెక్కల దగ్గర మాట పడుతుంది. లింకు ద్వారానే ఇస్తే, కొన్ని సైట్లు టిప్ పేరుతో కొంత శాతం ముందే టిక్ చేసి ఉంచుతాయి, చూసి తీసేయండి. ఒక వ్యక్తి వైద్యానికి ఇచ్చినదానికి, అందరూ 80జి అనే విరాళాల పన్ను మినహాయింపు రాదు. కొత్త పన్ను విధానంలో ఉన్నవారికి అసలు 80జీయే లేదు. ఇది ముందే చెప్పకపోతే మార్చిలో మళ్లీ గొడవ.

లింకు పెట్టేముందే ఇంకో పని: ఆంధ్రా కుటుంబమైతే ఎన్టీఆర్ వైద్య సేవ పథకం, తెలంగాణ అయితే ఆరోగ్యశ్రీ ఆ జబ్బుకు, ఆ ఆసుపత్రికి వర్తిస్తుందా, సీఎం సహాయ నిధికి దరఖాస్తు పెట్టారా అని కనుక్కోవాలి. కార్డుతో అయ్యే పనికి జనాన్ని అడిగితే కోపం రాదా మరి.

ఇక 'ఎన్‌జీఓలన్నీ డబ్బు జీతాలకే తినేస్తాయి' అనేవారి గురించి. ఈ ఒక్క మాట ఎన్ని మంచి పనులను చంపిందో! వీళ్లు రెండు అంకెలు పట్టుకుని వాదిస్తారు, 5 శాతం, 20 శాతం. ఆ 5 శాతం, కంపెనీ చట్టప్రకారం సమాజసేవకు పెట్టే సీఎస్‌ఆర్ ఖర్చులో తన సీఎస్‌ఆర్ విభాగం నడపడానికి పెట్టుకోగల ఖర్చుకు పరిమితి. ఆ 20 శాతం, విదేశీ విరాళాల చట్టానికి 2020లో చేసిన సవరణ తర్వాత, ఆ విరాళాల్లో ఎన్‌జీఓ పెట్టుకోగల పరిపాలన ఖర్చుకు. అందులోనూ బడి టీచర్ల జీతాలు, ఆసుపత్రి డాక్టర్ల జీతాలు పరిపాలన ఖర్చు కిందకు రావని నిబంధనల్లోనే ఉంది. పాఠం చెప్పే టీచరుకు జీతం ఇవ్వకుండా బడి ఎలా నడుస్తుంది? వార్షిక నివేదికలో ఆడిటైన ఖాతాలు చూసి మాట్లాడండి.

'కంపెనీకి సీఎస్‌ఆర్ ఉందిగా, నా జేబులోంచి ఎందుకు' అనేవారూ ఉంటారు. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ ప్రకారం అది గత మూడేళ్ల సగటు నికర లాభంలో 2 శాతం, కంపెనీ సొమ్ము. ఉద్యోగులకు మాత్రమే మేలు చేసే పనికి వాడితే అది సీఎస్‌ఆర్ లెక్కలోకి రాదు. మీ సహోద్యోగి తండ్రి ఆపరేషన్‌కు అది రాదు.

వరదలొచ్చినప్పుడు 'ఒకరోజు జీతం కోస్తున్నాం, వద్దనుకుంటే రిప్లై ఇవ్వండి' అని హెచ్‌ఆర్ పంపే మెయిళ్లంటే నాకు ఒళ్లుమంట. వద్దన్నవాడి పేరు అందరికీ తెలిసిపోతుంది, లంచ్ టేబుల్ దగ్గర దెప్పుళ్లు మొదలు. ఇస్తానన్నవారి దగ్గరే తీసుకోవాలి. ఒకరోజు అంటే బేసిక్ మీదా, గ్రాస్ మీదా అన్నది ఆ మెయిల్‌లోనే ఉండాలి.

అందరూ మరిచేది మిగులు సంగతి. బిల్లు 9 లక్షలకే తేలినా, పిల్లాడు దక్కకపోయినా ఆసుపత్రి మామూలుగా మిగిలిన అడ్వాన్సు తిరిగిచ్చేది కుటుంబానికే. ఆ డబ్బు కుటుంబానిదేనా, అదే వార్డులో ఇంకో పేషెంట్‌కు మళ్లించాలా అన్నది కుటుంబంతో మాట్లాడి, ఆ మొదటి మెసేజ్‌లోనే ఒక వాక్యం రాసేయండి. తర్వాత అడిగితే అడిగినవాడు రాక్షసుడైపోతాడు.