పన్నెండు పలకల నియమాలు రాస్తున్న అమ్మాయికి

మల్లేశ్వరం, బెంగళూరు

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

నువ్వు పంపిన నాలుగు పేజీలూ చేరాయి. అంచులు కలిసేలా పలకలు పేర్చి నగరాలు, దారులు, పొలాలు కట్టి, వాటి మీద తమ బొమ్మలు ఉంచి పాయింట్లు తెచ్చుకునే కార్కసాన్ ఆటకు 12 పలకలతో చిన్న అనుబంధం తయారుచేశానని, బెంగళూరు చెరువులను అందులోకి తెచ్చానని, నియమాలు తెలుగులో రాశానని, తప్పులుంటే దిద్దమని అడిగావు. అక్షరదోషాలు రెండే ఉన్నాయి, పెన్సిలుతో దిద్దాను. చెప్పవలసినవి వేరే ఉన్నాయి. ఫోనులో చెబితే సగం మరిచిపోతాను కనుక ఉత్తరం రాస్తున్నాను.

గత ఆదివారం నీ పేజీలను, నువ్వు అట్టతో కత్తిరించి ఇచ్చిన పలకలను మా ఇంట్లో ముగ్గురి ముందు పెట్టాను. మీ పిన్ని ఒకరు, పై అంతస్తులో ఉండే అనంతపురం వారి పిల్లలు ఇద్దరు. అసలు ఆట ముగ్గురికీ బాగా వచ్చు. నేను నోరు విప్పనని ముందే చెప్పి కుర్చీ దూరంగా జరుపుకుని కూర్చున్నాను. ఇరవై నిమిషాలకు ఆట ఆగిపోయింది. "చెరువు నిండితే పక్కన ఉన్నవారందరికీ రెండు పాయింట్లు" అని రాశావు కదా. చిన్నవాడు తనకు కుడివైపున, ఎడమవైపున కూర్చున్నవాళ్ళకు రెండేసి పాయింట్లు ఇచ్చేశాడు. కాదు, చెరువు పలకను ఆనుకుని ఎవరి బొమ్మలు ఉంటే వాళ్ళకు అని మీ పిన్ని అంది. మూల తగిలినా ఆనుకున్నట్టేనా అని పెద్దపిల్ల అడిగింది. అసలు ఆటలో మఠానికి చుట్టూ ఉన్న ఎనిమిది పలకలూ, మూలల్లోవి కూడా, లెక్కకు వస్తాయి. కనుక ఆ పిల్ల అడగడం న్యాయమే. ముగ్గురూ నా వైపు చూశారు. నీతో మాట్లాడాను కనుక నాకు జవాబు తెలుసు. అయినా చెప్పలేదు. ఈ పలకలు ఇంకొకరి ఇంటికి చేరిన రోజున అక్కడ నేనూ ఉండను, నువ్వూ ఉండవు. ఉండేది ఆ నాలుగు పేజీలే.

నీ వచనం చక్కగా ఉందమ్మా, అక్కడే చిక్కు వచ్చింది. బడిలో మనకు పునరుక్తి దోషమని నేర్పారు. ఒకే మాట రెండుసార్లు వస్తే మాస్టారు ఎర్ర సిరాతో గీత గీసేవారు. ఆ అలవాటుతో నువ్వు మొదటి పేజీలో పలక అన్నావు, రెండో పేజీలో బిళ్ళ అన్నావు, మూడో పేజీలో ముక్క అన్నావు. చిన్నవాడు "బిళ్ళలు ఏవి?" అని పెట్టెలో వెతికాడు. నియమాల్లో ఒక వస్తువుకు ఒకే పేరు ఉండాలి. పలక అంటే చివరి వాక్యం దాకా పలకే. ఒక పేరాలో ఆ మాట తొమ్మిదిసార్లు వచ్చినా జంకకు. తొమ్మిదిసార్లు వచ్చిందని ఎవరూ గమనించరు, పదోసారి బిళ్ళ అంటే మాత్రం అందరూ ఆగిపోతారు.

"చెరువు మీద బొమ్మను ఉంచగలరు" అని రాశావు. రైల్వే స్టేషన్లో "ప్రయాణికులు గమనించగలరు" అంటే దయచేసి గమనించండి అని. మామూలు మాటల్లో అదే "గలరు" చేతనవుతుందని చెబుతుంది. నీ వాక్యంలో బొమ్మ ఉంచి తీరాలా, ఇష్టమైతే ఉంచవచ్చా? మర్యాద కోసం వాడిన ఆ మాట నియమాన్ని రెండుగా చీల్చింది. ఉంచాలి, ఉంచవచ్చు, ఉంచకూడదు. ఈ మూడు క్రియలు చాలు, నాలుగోది వద్దు.

ఇంకొకటి మన భాషలోనే ఉన్న సౌకర్యం. తెలుగులో కర్తను వదిలేసినా వాక్యం నిలబడుతుంది. "కాలువ పూర్తయ్యాక బొమ్మను వెనక్కి తీసుకోవాలి." ఎవరు తీసుకోవాలి? పలక పెట్టినవారా, బొమ్మ ఎవరిదో వారా? కథలో చదివేవాళ్ళు ముందు వాక్యం నుంచి కర్తను తెచ్చుకుంటారు. నియమాల పేజీని ఎవరూ మొదటి నుంచి చదవరు. ఆట మధ్యలో అనుమానం వచ్చి, ఒక చేతిలో పలక పట్టుకుని, రెండో చేతితో ఆ ఒక్క వాక్యాన్ని వెతుక్కుంటారు. ఆ వాక్యం ఒంటరిగా నిలబడగలగాలి.

ఇది నేను పుస్తకాల్లో నేర్చుకోలేదు. నీ వయసులో ఉన్నప్పుడు ఒక పంపుసెట్ల కంపెనీకి తెలుగులో సూచనల కరపత్రం రాశాను. "మోటారు వేసే ముందు నీరు నింపాలి" అని రాశాను, ఎందులో నింపాలో రాయలేదు. నింపవలసింది పంపు లోపల. హిందూపురం దగ్గరి రైతు ఒకాయన తొట్టి నిండా నీళ్ళు పోసి, పంపును పొడిగా నడిపి, సీలు కాల్చుకున్నాడు. జేబులోంచి ఆ కరపత్రం తీసి, నా వాక్యం మీద వేలు పెట్టి, "నింపాను కదయ్యా" అన్నాడు. ఆయన చేసినదాంట్లో తప్పు లేదు. ఆ వేలు నాకు ఇప్పటికీ కనిపిస్తుంది. సూచన అనేది ఏది రాసినా, ఆ వేలు దాని మీద పెట్టి చూసుకుంటాను.

"చెరువు కోడి పడినప్పుడు" అన్న మాట కూడా మార్చు. నువ్వు ఇక్కడే పుట్టి పెరిగావు, చుట్టూ కన్నడం. చెరువు నిండి పొర్లే చోటును ఇక్కడ కోడి అంటారు కనుక నీకు అది సహజంగా వచ్చింది. కర్నూలులోనో కాకినాడలోనో చదివేవాళ్ళకు కోడి అంటే ఇంటి ముందు తిరిగే కోడే. మనకు అలుగు అనే మంచి మాట ఉంది. చెరువు అలుగు పారింది అంటే వినగానే కళ్ళకు కడుతుంది.

ఇప్పుడు లెక్క. నీ 12 పలకల్లో చెరువులు ఐదు, కాలువలు ఏడు. కాలువ పలకకు రెండు నీటి అంచులు, చెరువు పలకకు ఒకటి ఇచ్చావు. ఏడు రెళ్ళు 14, చెరువులవి ఐదు, మొత్తం 19. అంచులు జతగా కలవాలి కదా, 19 బేసి సంఖ్య. ఎంత తెలివిగా ఆడినా ఒక నీటి అంచు ఎప్పటికీ తెరిచే ఉంటుంది. పైగా వీటిని మామూలు పలకల సంచిలో కలిపెయ్యమన్నావు. అసలు ఆటలో 72 పలకలు. ఒకటి మొదటే బల్ల మీద ఉంటుంది, 71 సంచిలో ఉంటాయి. వాటిలో ఒక్కదానికీ నీటి అంచు లేదు. నీ కాలువ బల్ల మీదికి వచ్చిన క్షణం నుంచి దాని ముందున్న చోటు, ఇంకో నీటి పలక వచ్చేదాకా, ఎవరికీ పనికిరాదు. ఆదివారం సరిగ్గా అదే జరిగింది, మూడు చోట్ల.

ఆ ఆటకే నది అనే అనుబంధం ఉంది, దానిలోనూ 12 పలకలే. ఊట నుంచి సరస్సు దాకా నదినంతా ముందే పరిచి, ఆ తరువాత మామూలు పలకలు తీయడం మొదలుపెడతారు. వరుసగా రెండు వంపులు ఒకే వైపు తిరగకూడదని ఒక్క షరతు. తిరిగితే నది తన మీదికే వచ్చి పడుతుంది. నువ్వూ అలాగే చెయ్యి. చెరువుకు ఒకే దారి ఉండటం మన చెరువుల తీరు కూడా కాదు. బెళ్ళందూరు చెరువు నిండితే నీరు వర్తూరు చెరువుకు, అక్కడి నుంచి దక్షిణ పినాకిని నదికి పోతుంది. గొలుసులో మొదటి చెరువుకు ఒక అంచు, చివరిదానికి ఒకటి, మధ్యలో మూడింటికి రెండేసి ఇవ్వు. అవి ఎనిమిది, కాలువలవి 14, మొత్తం 22, అంటే 11 అతుకులు. 12 పలకలు ఒకే వరుసలో కలవడానికి సరిగ్గా కావలసింది 11.

నియమం మళ్ళీ మళ్ళీ రాయవలసి వస్తోందని దిగులుపడకు. క్లాస్ యూర్గన్ వ్రేడె చేసిన ఈ ఆట 2000లో వచ్చింది, 2001లో జర్మనీలో ఆ ఏటి మేటి ఆటగా పురస్కారం పొందింది. అంతటి ఆటలోనూ పొలాల లెక్క తరువాత మారింది. మొదట్లో పూర్తయిన ఒక్కొక్క నగరాన్ని తీసుకుని, దానిని ఆనుకున్న పొలాలలో ఎవరి రైతులు, అంటే పొలంలో ఉంచిన బొమ్మలు, ఎక్కువో చూసి నాలుగు పాయింట్లు ఇచ్చేవారు. తరువాతి ముద్రణల్లో పొలం వైపు నుంచి లెక్కపెట్టారు. పొలంలో ఎవరి రైతులు ఎక్కువో వారికి, ఆ పొలాన్ని ఆనుకున్న పూర్తయిన నగరానికి మూడు చొప్పున. రెండు పలకల నగరానికి రెండు పాయింట్లే అన్న పాత మినహాయింపును కూడా తీసేశారు. ఒక్క మినహాయింపు పోతే చదివేవాళ్ళకు ఎంత హాయిగా ఉంటుందో ఆ పాత, కొత్త నియమాలను పక్కపక్కన పెట్టుకుని చూడు.

నీ పేజీల్లోంచి పడవ బొమ్మ, జాలరి, కాలువ సుంకం తీసెయ్యి. బాగాలేక కాదు. 12 పలకలు అంత బరువు మోయలేవు.

ఏడో నియమాన్ని మాత్రం ఎవరు చెప్పినా వదులుకోకు. చెరువు పలక మీద నగరం పలక పెట్టవచ్చు అన్నది. చదవగానే పేజీ కింద పెట్టి కాసేపు ఊరుకున్నాను. రోజూ పొద్దున నేను నడిచే సాంకీ చెరువు 1882 నాటిది, ఇంకా చెరువుగానే ఉంది. ధర్మాంబుధి చెరువు ఉన్నచోట మెజెస్టిక్ బస్టాండు ఉంది, సంపంగి చెరువు ఉన్నచోట కంఠీరవ స్టేడియం ఉంది. ఈ ఊరి కథను నువ్వు ఒక్క వాక్యంలో ఆటగాళ్ళ చేతికిచ్చావు. పాయింట్ల ఆశతో తామే చెరువును పూడ్చాలా వద్దా అని వాళ్ళే తేల్చుకోవాలి. అయితే నియమం అక్కడే ఆగిపోయింది. పూడ్చిన పలకకు, పక్క పలకలకు అంచులు కలవాలా? నేనైతే ఇలా రాస్తాను: "మీరు తీసిన పలక మీద నగరం ఉంటే, దానిని ఖాళీ చోటులో కాకుండా ఒక చెరువు పలక మీద పెట్టవచ్చు. నీటి అంచులు తప్ప మిగిలిన అంచులన్నీ పక్క పలకలతో కలవాలి." ఆ తరువాతి వాక్యం నువ్వే రాయాలి. ఎగువ నుంచి వచ్చే కాలువ ఇప్పుడు నగరం గోడకు తగులుతోంది. ఆ నీరు ఎక్కడికి పోతుంది? ఎవరి పాయింట్లు తగ్గుతాయి, ఎన్ని, ఎప్పుడు? పలక పెట్టినప్పుడా, లెక్క చూసినప్పుడా, ఆట చివరనా? పెద్దపిల్ల ఇదే అడిగింది, జవాబు నీ పేజీల్లో దొరకలేదు.

వచ్చే ఆదివారం నాలుగు గంటలకు వాళ్ళు మళ్ళీ ఆడతామన్నారు. కొత్త పేజీలు శనివారంలోగా పంపు. నువ్వూ రా. మీ పిన్ని పెసరట్లు వేస్తానంది. ఆట సాగినంతసేపు నువ్వు నాతోపాటు వరండాలో, మాటలు వినబడే దూరంలో కూర్చోవాలి. వాళ్ళు ఎంత తప్పుగా ఆడుతున్నా లోపలికి రాకూడదు. నోటుబుక్కు, రెండు పెన్సిళ్ళు తెచ్చుకో.

మీ బాబాయి