తెల్ల పొమేరియన్‌కి వారం వారం స్నానం చేయిస్తున్నా వాసన పోవట్లేదు, కళ్ల కింద ఎర్రటి చారలు: గుండు చేయించాలా?

మీరు చెప్పింది ఇదీ: ఫ్లాట్‌లో ఉండే ఎనిమిది నెలల తెల్ల పొమేరియన్, బరువు 6 కేజీలు. వారానికోసారి స్నానం, అయినా వాసన. కళ్ల కింద చారలు, ముందు పాదాలు తుప్పు రంగు. ఎండలు వస్తున్నాయి కాబట్టి గుండు చేయించమని పెట్ షాపులో సలహా.

గుండు వద్దండి. వీటికి బొచ్చు రెండు పొరలు. పైన నిలువుగా ఉండే గట్టి బొచ్చు, కింద దూదిలాంటిది. పైపొర ఎండను నేరుగా చర్మానికి తగలనివ్వదు. మెషీన్ పెట్టి తీసేస్తే గులాబీ రంగు చర్మం ఎండకు మాడుతుంది. మళ్లీ పెరిగేటప్పుడు దూది పొర ముందొచ్చి, పైపొర వెనకబడుతుంది. కొన్నిటికి నెలల తరబడి అతుకులు అతుకులుగానే ఉండిపోతుంది. పాదాల అడుగున, మలద్వారం చుట్టూ కత్తిరించుకుంటే చాలు.

ఇంకో సంగతి. 6 కేజీలంటే అది చాలావరకు ఇండియన్ స్పిట్జ్ అనే వేరే జాతి అయ్యుంటుంది. అసలు పొమేరియన్ పెద్దయ్యాక కూడా 3 కేజీల దగ్గరే ఆగుతుంది. మన ఊళ్లలో తెల్లగా, బొచ్చుగా ఉన్నవన్నీ పొమేరియనే అని అమ్మేస్తారు. బాధపడాల్సిందేం లేదు, మన వాతావరణానికి స్పిట్జే నయం.

ఇక వాసన. వారం వారం స్నానమే దానికి కారణం కావచ్చు. పైబొచ్చు గంటలో ఆరిపోతుంది, అడుగుపొర మాత్రం తడిగానే ఉంటుంది. ఆ తడిలో ఫంగస్, బాక్టీరియా పెరిగి పుల్లటి వాసన వస్తుంది, వానాకాలంలో అయితే పుళ్లు కూడా పడతాయి. మూడు నాలుగు వారాలకు ఒక్క స్నానం చాలు. దువ్వడం మాత్రం రోజు విడిచి రోజు. మీ కుక్క ఇప్పుడు పిల్లబొచ్చు రాల్చి పెద్దబొచ్చు వేసుకునే వయసులో ఉంది కాబట్టి కొన్నాళ్లు రోజూ దువ్వండి.

దువ్వే పద్ధతి ముఖ్యం. పైపైన దువ్వితే మెరుస్తుంది, అడుగున జడలు కడుతూనే ఉంటుంది. పక్కకు పడుకోబెట్టి, బొచ్చు మీద కొద్దిగా నీళ్లు స్ప్రే చేయండి, పొడి బొచ్చు తెగుతుంది. ఎడమ చేత్తో బొచ్చును పైకి ఎత్తిపట్టి, చర్మం గీతలా కనబడేట్టు పాపిట తీసి, పొట్ట వైపు నుంచి వీపు వైపు వరసలుగా వెళ్లండి. ముందు స్లిక్కర్ బ్రష్ (సన్నటి వంపు తీగలుండే బ్రష్), తర్వాత స్టీలు దువ్వెన. దువ్వెన ఆగిన చోట చిక్కు ఉన్నట్టు. చెవుల వెనక, చంకలు, తొడల వెనక తప్పకుండా చూడండి. ముడిపడితే చిటికెడు కార్న్‌ఫ్లోర్ రుద్ది వేళ్లతో విడదీయండి. కత్తెరతో నేరుగా కోయొద్దు. చర్మం ఆ ముడిలోకి లాగబడి ఉంటుంది, తెగేది అదే. తప్పదనుకుంటే ముడికీ చర్మానికీ మధ్య దువ్వెన దూర్చి, దానిపైన కత్తిరించాలి.

స్నానానికి ముందే చిక్కు తీయాలి, తడిస్తే అది ఇంకా బిగుసుకుంటుంది. కుక్కల షాంపూయే వాడండి, ఒక వంతుకి పది వంతుల గోరువెచ్చని నీళ్లు కలిపి. నురగ పూర్తిగా పోయేదాకా కడగండి. తువ్వాలుతో అద్దాలి, రుద్దకూడదు. హెయిర్ డ్రయ్యర్ తక్కువ వేడి మీద పెట్టి, జానెడు దూరం నుంచి, దువ్వుతూ ఆరబెట్టండి. అరగంటకు పైనే పడుతుంది. చెవుల వెనక, తొడల దగ్గర వేలు దూర్చి చర్మం ముట్టుకుంటే చల్లగా తగలకూడదు. తెల్లగా రావాలని బట్టల నీలిమందు కలపమనేవాళ్లున్నారు, వినొద్దు. ఇంత చేసినా వాసనుంటే చెవులు, పళ్లు చూడండి. చేపల కంపుతో పాటు నేల మీద పిరుదులు ఈడుస్తుంటే మలద్వారం పక్కనున్న గ్రంథులు నిండాయన్నమాట, డాక్టరు నొక్కి ఖాళీ చేస్తారు.

తెల్లకుక్కలో ఒక సౌకర్యం ఉంది, జబ్బు రంగులో కనబడుతుంది. కన్నీళ్లలో, లాలాజలంలో పోర్ఫిరిన్ అనే పదార్థం ఉంటుంది, బొచ్చుకి పట్టి తుప్పు రంగు తెస్తుంది. అంటే పాదాలు తుప్పు పట్టాయంటే అది వాటిని నాకుతోందని అర్థం. ముందుగా మీరు నేల తుడిచే ఫినాయిల్‌ని అనుమానించండి. పాదాలకు అంటుకుంటుంది, మంట పుడుతుంది, నాకినప్పుడు కడుపులోకీ పోతుంది. అది మానేసి, వాకింగ్ నుంచి రాగానే పాదాలు కడిగి వేళ్ల మధ్య తడి తుడవండి. రెండు వారాల్లో తగ్గకపోతే అలర్జీయో, ఈస్ట్ అనే ఫంగసో డాక్టరుకి చూపించుకోవాలి.

కళ్లకి, కాచి చల్లార్చిన నీళ్లలో ముంచిన దూదితో రోజుకు రెండుసార్లు తుడవండి, ఒక్కో కంటికి వేరే దూది. ఇప్పటికే పట్టిన రంగు పోదు, కొత్తగా వచ్చే బొచ్చు తెల్లగా వస్తే మీ పద్ధతి సరైనదే. కళ్లు కారడానికి ఒక్కోసారి పళ్లూ కారణం కావచ్చు కాబట్టి, పాల కోరలు ఊడకుండా పక్కనే కొత్తవి వచ్చాయేమో నోరు తెరిచి చూడండి, ఉంటే డాక్టరుతో తీయించాలి. ఒక్క కన్నే కారుతున్నా, కన్ను మూస్తున్నా అదే రోజు తీసుకెళ్లండి. ఇంట్లో మిగిలిన మీ చుక్కల మందు మాత్రం వేయకండి. అందులో స్టెరాయిడ్ ఉండి, కంటి మీద పుండు ఉంటే అది లోతుకు దిగుతుంది.

గోమార్లు (పిడుదులు) తెల్ల బొచ్చులో కూడా దాక్కుంటాయి. చెవి మడతలు, కాలి వేళ్ల సందులు, పట్టీ కింద వేళ్లతో తడమండి. పట్టకారుతో చర్మం దగ్గర పట్టుకుని నిటారుగా లాగాలి, కిరోసిన్ పోయకూడదు. ఇవి తెచ్చే ఎర్లీకియా, బబీసియా జ్వరాలు మన దగ్గర మామూలు. తిండి మానేసి, చిగుళ్లు పాలిపోయి, ముక్కులోంచి రక్తం వస్తే ఆగకుండా రక్తపరీక్ష చేయించండి. నివారణకి ఫ్లూరలానర్ మాత్ర దాదాపు 12 వారాలు, అఫాక్సొలానర్ నెల పనిచేస్తాయి. మోతాదు బరువును బట్టి, మూర్ఛలుంటే డాక్టరుకి ముందే చెప్పాలి. నీళ్లలో కలిపి ఒంటి మీద పోసే మందు చవకే గానీ ఒళ్లు నాకితే విషం. ఆరేదాకా మెడకి కోన్ (నాకకుండా అడ్డుపడే గరాటు) వేసి ఉంచండి.

తిండి: ఒట్టి పెరుగన్నంతో బొచ్చు పలచబడుతుంది, మాంసకృత్తులు చాలవు. పెద్దయ్యాక 6 కేజీల కుక్కకి రోజుకి సుమారు 350 నుంచి 400 కేలరీలు, అంటే డ్రైఫుడ్ అయితే 100 గ్రాముల దగ్గర. ఇప్పుడింకా పిల్ల కాబట్టి పప్పీ ఫుడ్ ప్యాకెట్ మీది కొలత చూడండి. ఇంటివంటే పెడితే చికెన్, అన్నం మాత్రమే చాలవు, కాల్షియం లెక్క డాక్టరుని అడగండి. ఉల్లి, వెల్లుల్లి పడ్డ కూరలు, పాయసంలో కిస్‌మిస్, చాక్లెట్ అసలు వద్దు.

చివరిగా గుండు మాట ఎత్తించిన వేడి. వాకింగ్ పొద్దున్న 7 లోపు, సాయంత్రం చీకటి పడ్డాక. అరచేయి వెనక భాగం రోడ్డు మీద ఐదు సెకన్లు ఆనించలేకపోతే బయటికి తీసుకెళ్లకండి. మెడపట్టీ బదులు ఛాతీ హార్నెస్ వాడండి, ఈ చిన్న కుక్కల శ్వాసనాళం మెత్తన, బాతు అరిచినట్టు దగ్గు వస్తే ఆ నాళం నొక్కుకుపోతోందేమోనని అనుమానించాలి. ఆగకుండా రొప్పుతూ, నాలుక ముదురు ఎరుపుకి తిరిగి, తూలుతుంటే మామూలు నీళ్లతో ఒళ్లు తడిపి ఫ్యాన్ వేయండి. పైపైన పోస్తే స్పిట్జ్‌కి తగలదు, బొచ్చు విడదీసి చర్మం తడవాలి. ఐసు పెట్టొద్దు. థర్మామీటర్ 39.5 డిగ్రీల సెల్సియస్‌కి దిగాక తడపడం ఆపండి. ఆసుపత్రికి మాత్రం తడుపుతూనే బయల్దేరండి, దిగేదాకా ఇంట్లో కూర్చోవద్దు.