ఇంటిపన్ను, మీ వీధి కాలువ: మేనల్లుడికి ఒక లేఖ

చిరంజీవి మేనల్లుడికి శ్రీకాకుళం నుంచి మీ మావయ్య ఆశీర్వదించి వ్రాయునది. ఇక్కడ అందరం క్షేమంగా ఉన్నాము. మీ అత్తయ్యకు మోకాలి నొప్పి కొంచెం తగ్గింది.

విజయనగరంలో మీ కాలనీ సంఘానికి నువ్వు కార్యదర్శివి అయ్యావని, మొన్నటి సమావేశంలో వీధి కాలువ కట్టేదాకా ఎవరూ ఇంటిపన్ను చెల్లించకూడదని తీర్మానం రాసుకున్నారని నీ ఉత్తరం వల్ల తెలిసింది. వానాకాలంలో కాలువ పొంగి మురుగు మీ వాకిట్లోకి, పక్కింటి పెద్దావిడ వంటింట్లోకి చేరిందని రాశావు. మీ కోపం న్యాయమైనదే. అయితే ముప్పై ఏళ్లకు పైగా పురపాలక సంఘాల్లో పనిచేసి, మొదట బిల్ కలెక్టరుగా వీధులు తిరిగి, తర్వాత అకౌంట్స్ విభాగంలో కూర్చుని పద్దులు రాసినవాణ్ణి గనుక, ఆ తీర్మానం అమలైతే మొదటి దెబ్బ మీ కాలువకే తగులుతుందని చెప్పకుండా ఉండలేకపోతున్నాను.

ఉద్యోగంలో చేరిన కొత్తలో నాకు జరిగిన ఒక సంగతి చెబుతాను. ఒక పెంకుటింటి ముందు నిలబడి డిమాండ్ నోటీసు ఇస్తే, ఆ ఇంటి ముసలమ్మ లోపలికి వెళ్లి రేకు పెట్టె తెచ్చి, అందులోంచి దారంతో కట్టిన పాత రసీదుల కట్ట తీసి, ఒక్కొక్కటీ నా ముందు పరిచింది. ఒక్క ఏడాది కూడా తప్పలేదు. "బాబూ, ఏటేటా కడతానే ఉన్నాను, ఈ డబ్బులు ఏటికి ఖర్సెడతారు?" అని అడిగింది. ఆ రోజు ఆమెకు నేను జవాబు చెప్పలేకపోయాను. ఆఫీసుకు వచ్చి, ఆ ఏడాది బడ్జెట్ పుస్తకాన్ని మొదటిసారి మొదటి పేజీ నుంచి చదివాను. ఆ ప్రశ్నకు జవాబు తెలిస్తేనే నీ పోరాటం సరైన దారిలో నడుస్తుంది.

1992లో వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ నీటి సరఫరా, పారిశుద్ధ్యం, రోడ్లు, వీధి దీపాలు, మురికివాడల అభివృద్ధి వంటి 18 అంశాలను పన్నెండవ షెడ్యూలులో చేర్చి, వాటిని నగరపాలికలకు అప్పగించేందుకు వీలు కల్పించింది. బాధ్యతలు అంత విస్తారంగా ఉన్నా, సొంతంగా వసూలు చేసుకోగల పెద్ద ఆదాయం మాత్రం ఆస్తి పన్ను, అంటే మనం అనే ఇంటిపన్ను, ఒక్కటే. పర్మనెంటు ఉద్యోగుల జీతాలు ట్రెజరీ నుంచి వస్తాయి. పెద్ద పైపులైన్లకు, ట్యాంకులకు కేంద్రం నుంచి పథకాల డబ్బు వస్తుంది. 2015లో మొదలైన అమృత్ పథకంలో విజయనగరం, శ్రీకాకుళం రెండూ ఉన్నాయి. కానీ చంపావతి నది నీటిని నెల్లిమర్ల వైపు నుంచి ఊళ్లోకి తోసే మోటార్ల కరెంటు బిల్లు, కాలిపోయిన మోటారుకు కాయిల్ చుట్టించే ఖర్చు, బ్లీచింగు, కాలువ పూడికతీత, వెలగని వీధి దీపం మార్చడం, తెల్లవారక ముందే చీపురు పట్టుకుని వచ్చే ఔట్‌సోర్సింగ్ కార్మికుల జీతం, ఇవన్నీ ప్రధానంగా ఊరి సొంత ఆదాయం చేరే సాధారణ నిధి నుంచే పోవాలి. ఆ నిధికి వెన్నెముక మీరు కట్టే ఇంటిపన్నే. పైగా 2021 అక్టోబరులో మొదలైన క్లాప్ కార్యక్రమం కింద ఇంటింటి చెత్త సేకరణకు వసూలు చేసిన రుసుమును 2024 చివర రద్దు చేశారు. ప్రజలకు అది ఊరట కలిగించిన మాట నిజమే, అయినా చెత్త బండి తిరగడం ఆగదు గనుక దాని భారం కూడా తిరిగి ఈ నిధి మీదే పడుతుంది.

ఈ నిధి ఖాళీ అయితే ఏమవుతుందో నేను కళ్లారా చూశాను. నేను పనిచేసిన ఒక పట్టణంలో ఒక ఏడాది వసూళ్లు బాగా తగ్గాయి. ఔట్‌సోర్సింగ్ కార్మికుల జీతాలు ఆపడానికి వీల్లేదు, కరెంటు బిల్లు ఆపితే ఫ్యూజు తీసేస్తారు, అందువల్ల కోత పెట్టడానికి చేతికి అందిన పద్దు మరమ్మతులదే అయింది. అదనపు మోటారు కొనవలసిన డబ్బును ఆ జీతాలకు మళ్లించాము. ఏప్రిల్ చివరి వారంలో ఉన్న మోటారు కాలిపోయింది. అది బాగుపడి వచ్చేదాకా ఊరి జనం బిందెలు పట్టుకుని ట్యాంకరు వెంట పరుగెత్తారు. పన్ను ఎగ్గొట్టిన పెద్ద భవనాల యజమానులకు సొంత బోర్లు ఉన్నాయి. ట్యాంకరు దగ్గర నిలబడినవారిలో ఎక్కువ మంది సకాలంలో పన్ను కట్టినవారే. ఆ మళ్లింపు కాగితం మీద నా సంతకం కూడా ఉంది గనుక ఆ వేసవి నాకు ఇప్పటికీ గుర్తుంది.

వసూళ్లు తగ్గితే పోయేది మీ రూపాయి ఒక్కటే అనుకోకు. 2021 నుంచి 2026 వరకు వర్తించిన పదిహేనవ ఆర్థిక సంఘం సిఫార్సుల ప్రకారం, పట్టణాలకు గ్రాంటు రావాలంటే ఆడిట్ అయిన లెక్కలు అందరికీ కనబడేలా పెట్టాలి, ఆస్తి పన్ను వసూళ్లు రాష్ట్ర ఆర్థిక వృద్ధికి దీటుగా పెరగాలి. పది లక్షల లోపు జనాభా ఉన్న మన ఊళ్ల వంటి వాటికి ఆ గ్రాంటులో 60 శాతాన్ని తాగునీటికి, పారిశుద్ధ్యానికి మాత్రమే ఖర్చు చేయాలని కట్టడి కూడా చేశారు. అటువంటి షరతులు ఉన్నప్పుడు పన్ను ఆపిన కాలనీ తన వాటాతో పాటు ఢిల్లీ నుంచి రావలసిన వాటాను కూడా ప్రమాదంలో పెడుతుంది.

ఇక మీ కాలనీలో అందరూ అడుగుతున్నారని నువ్వు రాసిన ప్రశ్న: ఇంట్లో ఒక్క ఇటుక కూడా చేర్చకపోయినా పన్ను ప్రతి ఏడాదీ ఎందుకు పెరుగుతోంది? ఒకప్పుడు మన రాష్ట్రంలో ఇంటి అద్దె విలువను బట్టి పన్ను వేసేవారు. 2020లో చట్టాన్ని సవరించి, 2021 ఏప్రిల్ నుంచి స్థలం, కట్టడం కలిపిన మొత్తం విలువను, అంటే మూలధన విలువను బట్టి వేస్తున్నారు. నివాస గృహాలకు ఆ విలువ మీద 0.10 నుంచి 0.50 శాతం మధ్య ఎంత రేటు అన్నది స్థానికంగా నిర్ణయిస్తారు. ఒకేసారి భారం పడకుండా, ముందటి ఏడాది పన్ను మీద పెంపు 15 శాతం దాటకూడదని పరిమితి పెట్టారు. ఉదాహరణకు ఒక ఇంటి మూలధన విలువ 20 లక్షలు, రేటు 0.12 శాతం అనుకుంటే కట్టవలసిన పన్ను ఏడాదికి 2,400 రూపాయలు. పాత పన్ను 1,400 అయితే అది మొదటి ఏడాది 1,610కి, రెండో ఏడాది సుమారు 1,852కి, మూడో ఏడాది 2,129కి పెరిగి, నాలుగో ఏడాది 2,400 దగ్గర నిలుస్తుంది. ప్రతి ఇంటికీ ఈ లెక్క నోటీసు వెనకే వేసి చూపించు. సగం కోపం తెలియకపోవడం వల్ల వచ్చిందే. 375 చదరపు అడుగుల లోపు ఇల్లు కట్టుకుని అందులోనే ఉంటున్నవారికి ఏడాదికి 50 రూపాయలే పన్ను. అటువంటివారికి ఎక్కువ పడి ఉంటే వారి తరఫున ముందు నువ్వే వెళ్లు. కొలతల్లో తప్పుందని తోస్తే, నోటీసులో చెప్పిన గడువు దాటకుండా పన్నును మళ్లీ పరిశీలించమని రివిజన్ పిటిషన్ వేయించు. గడువు దాటాక ఎంత న్యాయమైన మాటైనా చెవికెక్కదు.

మీవాళ్లు పన్ను కట్టకుండా ఆపితే నెలకు 2 శాతం వడ్డీ పడుతుంది, అంటే ఏడాదికి 24 శాతం. బ్యాంకు ఇంటి అప్పు మీద కూడా అంత వడ్డీ ఉండదు. అదే ఏడాది మొత్తం పన్ను ఏప్రిల్ 30 లోపు కట్టేస్తే 5 శాతం రాయితీ ఇస్తున్నారు. పింఛను మీద బతికే ఇళ్లు మీ వీధిలో ఎన్నో ఉన్నాయి గనుక ఈ తేడా వారికి తప్పకుండా చెప్పు.

పన్నుతో పాటు రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు కూడా వసూలవుతుంది. అది జిల్లా గ్రంథాలయ సంస్థకు జమ కావాలి. ఉద్యోగ పరీక్షలకు చదువుకునే పిల్లలు పొద్దున్నే వచ్చి బల్లల దగ్గర చోటు పట్టుకుంటారే, ఆ గ్రంథాలయాల పత్రికలు, పుస్తకాలు, ఫ్యాన్లు ఆ ఎనిమిది పైసలవే. నేను పనిచేసిన చోట వసూలు చేసిన సెస్సును ఏళ్ల తరబడి జమ చేయకుండా వాడుకున్నారు. అది నాకు ఇప్పటికీ మనసుకు కష్టంగా ఉంటుంది. మీ ఊళ్లో ఎంత వసూలైంది, ఎంత జమ చేశారు అని కూడా అడుగు.

ఇప్పుడు అసలు పని చెబుతాను. బడ్జెట్ ప్రతి ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వస్తుంది, కనుక దాని తయారీ చలికాలంలోనే మొదలవుతుంది. పాలకవర్గం ఉన్నచోట కౌన్సిల్ ముందుకు, లేనిచోట ప్రత్యేకాధికారి ముందుకు వెళుతుంది. మా శ్రీకాకుళంలో ఎన్నికైన పాలకవర్గం లేకుండా ఏళ్లకేళ్లు ప్రత్యేకాధికారి పాలనే నడిచింది. అటువంటప్పుడు పౌరులు అడగకపోతే అడిగే నాథుడే ఉండడు. జూలైలో కాలువ పొంగాక ఆఫీసు ముందు ధర్నా చేస్తే, అప్పటికే ఆ ఏడాది డబ్బు పంచేసి ఉంటారు. మీరు వెళ్లవలసింది డిసెంబరు, జనవరిలో.

బడ్జెట్ పుస్తకంలో ప్రతి పద్దు ఎదుట మూడు అంకెలుంటాయి: గత సంవత్సరపు వాస్తవ లెక్క, ఈ ఏడాది సవరించిన అంచనా, వచ్చే ఏడాది అంచనా. అందరూ మూడో అంకె చూసి సంతోషిస్తారు. నువ్వు మొదటి అంకె చూడు. పోయిన ఏడాది నిజంగా వసూలైన పన్ను 12 కోట్లయితే, వచ్చే ఏడాది 20 కోట్లు వస్తుందని రాశారనుకో. ఆ తేడా 8 కోట్లు కాగితం మీది డబ్బు. దాన్ని నమ్ముకుని మంజూరు చేసిన పనుల్లో మీ కాలువ ఉంటే, శంకుస్థాపన జరుగుతుంది కానీ కాలువ పూర్తి కాదు. బిల్లు రాని కాంట్రాక్టరు సగంలో పని ఆపేస్తాడు, తర్వాతి టెండరుకు ఎవరూ ముందుకు రారు, వచ్చినవాడు ఆలస్యాన్ని కూడా లెక్కలో వేసుకుని ఎక్కువ ధర చెబుతాడు. పనులు చూపించడం కోసం ఆదాయాన్ని ఉబ్బించి రాసే ఈ అలవాటు ఊళ్లకు చేసినంత చెరుపు ఎగవేతదారులు కూడా చేయలేదని నా అభిప్రాయం. అందుచేత మీ కాలువ ఏ పద్దు కింద ఉంది, సాధారణ నిధా, ఆర్థిక సంఘం గ్రాంటా, ఆ పద్దులో ఇప్పుడు చేతిలో ఉన్న నిల్వ ఎంత అని రాతపూర్వకంగా అడిగి జవాబు తీసుకో. ఇవ్వకపోతే 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద అర్జీ పెట్టు, 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి.

దానితో పాటు మీ వార్డు డీసీబీ కూడా అడుగు. డిమాండ్ ఎంత, వసూలు ఎంత, బకాయి ఎంత అన్నది ఆ పట్టికలో ఉంటుంది. బకాయిల జాబితాలో పైవరుసలు చూడు. మేము తయారు చేసిన జాబితాల్లో అక్కడ తరచుగా కనబడినవి ప్రభుత్వ కార్యాలయాలు, కల్యాణ మంటపాలు, వాణిజ్య సముదాయాలు. కేంద్ర ప్రభుత్వ ఆస్తులకు రాజ్యాంగంలోని 285వ అధికరణం వల్ల పన్ను ఉండదు, సర్వీసు ఛార్జీలు మాత్రం రాబట్టుకోవచ్చు. మిగిలినవారికి ఆ మినహాయింపు లేదు. రెండు వేల రూపాయల పన్ను బాకీ ఉన్న ఇంటికి కుళాయి తీసేస్తామని నోటీసు పంపే చేయి, లక్షల బకాయి ఉన్న భవనం దగ్గర ఎందుకు ఆగుతుందో అడిగే హక్కు పన్ను కట్టిన రసీదు చేతిలో ఉన్నవాడికి గట్టిగా ఉంటుంది. మీరు కూడా బకాయిదారులే అయితే ఆ ప్రశ్న మీ నోట నిలవదు.

ఒక కష్టమైన మాట కూడా చెప్పాలి. మీ కాలనీలో నాకు తెలిసినంతలోనే పైన అంతస్తు వేసి, కింది అంతస్తుకే పన్ను కడుతున్న ఇళ్లు ఉన్నాయి. వారంతా నీకు బాగా కావలసినవారే కావచ్చు. సంఘం తరఫున నువ్వు కమిషనరు గారి ముందు కూర్చున్నప్పుడు, అవతలి నుంచి ఆ ఇళ్ల జాబితా బయటికి తీస్తే నీ మాట అక్కడితో ఆగిపోతుంది. ముందు వారితో ఇంట్లో కూర్చుని మాట్లాడి, స్వయంగా కొలతలు రాయించుకోమని చెప్పు. కోపం వస్తుంది, రానీ. అనుమతి లేని కట్టడం అని అధికారులే తేల్చిననాడు పన్నుతో పాటు జరిమానా కూడా పడుతుందని వారికి వివరించు.

తీర్మానాన్ని మార్చి రాయించు. ఏప్రిల్ 30 లోపు అందరం పన్ను చెల్లిస్తామని, ఆ రసీదుల నకళ్లు జతచేసి కాలువ పనిని వచ్చే బడ్జెట్లో పేరుతో సహా చేర్చమని కోరుతున్నామని రాయండి. వార్డు సచివాలయంలో నీళ్లు, రోడ్లు, కాలువల పనులు చూసే ఎమినిటీస్ కార్యదర్శిని వెంటబెట్టుకుని కాలువ ఎక్కడ మొదలై ఎక్కడ కలుస్తుందో నడిచి చూడండి. దిగువన పూడిక ఉండగా మీ వీధిలో ఎంత సిమెంటు పోసినా నీరు వెనక్కే తంతుంది. కొత్త కాలువ కంటే ముందు పూడికతీత చాలేమో కూడా ఆ నడకలో తెలుస్తుంది, దానికి అంత డబ్బు అక్కర లేదు.

పైడితల్లి అమ్మవారి దర్శనానికి వచ్చే మంగళవారం మీ అత్తయ్యను తీసుకుని వస్తున్నాను. అప్పటికి పోయిన ఏడాది బడ్జెట్ నకలు, మీ వీధి ఇళ్ల పన్ను అసెస్‌మెంట్ నంబర్లు, కాలువ పొడవు, లోతు కొలిచిన కాగితం తీసిపెట్టు. మధ్యాహ్నం భోజనం అయ్యాక ఇద్దరం కూర్చుని అర్జీ రాద్దాము.

ఇట్లు,
మీ మావయ్య