ఆ పాతింటి గురించి రాసే ముందు

తమ్ముడూ,

అమెరికా దక్షిణాదిలో నువ్వుంటున్న ఊళ్లో, అంతర్యుద్ధానికి ముందు కట్టిన ఆ ఇంటి గురించి రాద్దామంటే బోర్డు మీదున్న కుటుంబం పేరు తప్ప ఏమీ దొరకట్లేదన్నావు. ముందు ఆ పేరునే అనుమానించు. 1966 చట్టంతో వచ్చిన జాతీయ రిజిస్టర్‌లోకి, అంటే అమెరికా ప్రభుత్వం పెట్టిన చారిత్రక స్థలాల జాబితాలోకి, ఎక్కిన ఇళ్లకైనా చాలాసార్లు మొదటి యజమాని పేరో, పలుకుబడి ఉన్న కుటుంబం పేరో ఉంటుంది. అక్కడ బతికిన మిగతావాళ్లు అందులో కనబడరు.

కౌంటీ (మన జిల్లా లాంటిది) ఆఫీసులో ఆ స్థలం దస్తావేజులు అడుగు. ఇప్పటి యజమాని దగ్గర మొదలుపెట్టి, ఎవరు ఎవరి దగ్గర కొన్నారో చూసుకుంటూ వెనక్కి వెళ్లు. ఒకచోట అదే స్థలం ధర ఒక్కసారిగా పెరిగితే ఆ మధ్యలో ఇల్లు లేచి ఉండొచ్చు, కానీ అదొక్కటే చూసి రాసేయకు, పన్ను రికార్డులో కూడా విలువ పెరిగిందని తేలాకే నమ్ము. ఊరి నడుమ ఉన్న ఇల్లయితే శాన్‌బోర్న్ మ్యాపులు చూడు, అగ్నిప్రమాద బీమా కంపెనీల కోసం ఊళ్లలోని కట్టడాలన్నీ గీసిన పాత పటాలవి, వాటిలో గులాబీ రంగు ఇటుక కట్టడం, పసుపు చెక్కది. పాత జనాభా లెక్కలు కూడా చూడు, 1890వి దొరకలేదని మాత్రం టెన్షన్ పడకు, 1921 అగ్నిప్రమాదంలో దెబ్బతిని దాదాపు అన్నీ పోయాయి.

నేను అసలు చెప్పాలనుకున్నది ఇది. 1850, 1860 జనాభా లెక్కల్లో బానిసలకు విడిగా పట్టికలున్నాయి. యజమాని పేరు కింద వయసు, ఆడా మగా, ఒంటి రంగు, అంతే, చాలావరకు పేర్లే ఉండవు. ఆ పేర్లు వీలునామాల్లోనూ, యజమాని పోయాక కోర్టుకిచ్చిన ఆస్తి జాబితాల్లోనూ దొరకొచ్చు: మంచాలు, గుర్రాలు, వాటితోపాటే మనుషులు, ఎదురుగా డాలర్లలో వెల. చదవడానికి మనసొప్పదు, అయినా చదువు. ఒక్క పేరూ వదలకుండా రాసుకుని 1870 లెక్కల్లో వెతుకు, విముక్తి పొందినవాళ్లు పేర్లతో సహా లెక్కల్లోకి వచ్చింది అప్పుడే. అందరూ పాత యజమాని ఇంటిపేరే పెట్టుకోలేదు కాబట్టి వయసు, ఊరు, చుట్టుపక్కల ఇళ్లవాళ్లు కూడా సరిపోతున్నారా చూడాలి. పూర్తిగా తేలకపోతే “అయి ఉండొచ్చు” అనే రాయి, నీ కథ కోసం ఎవరి జీవితాన్నీ అతికించకు.

ఊరి పెద్దలు చెప్పే కథలు కూడా వినాల్సిందే, ఎవరు చెప్పారో, వాళ్లకి ఎవరు చెప్పారో పక్కన రాసుకుంటే చాలు.

నన్నడిగితే నీ వ్యాసం మొదటి పేరాలోనే ఆ మనుషుల పేర్లు రావాలి, బోర్డు మీది కుటుంబం తర్వాత వస్తుంది. ఆస్తి జాబితా దొరికితే ఫోటో తీసి పంపు, ఆ కాలం చేతిరాత ఒక పట్టాన అర్థం కాదు, ఇద్దరం కలిసి చదువుదాం.

నీ అన్నయ్య