పైపు సైజుకి వాల్వు కొనకండి

ప్రశ్న: మాది చల్లటి నీళ్లతో నడిచే ఏసీ. గదిలోని ఫ్యాన్ కాయిల్ యూనిట్‌కి (చల్లటి నీళ్లు పారే గొట్టాల చుట్ట, అంటే కాయిల్, మీదుగా ఫ్యాన్ గాలి కొట్టే పెట్టె) 25 ఎంఎం పైపు ఉందని 25 ఎంఎం కంట్రోల్ వాల్వే పెట్టారు. గది కాసేపు వణికిస్తుంది, కాసేపటికే ఉక్కపోత. వాల్వు మోటారు రోజంతా తెరుస్తూ మూస్తూనే ఉంటుంది, అది మార్చినా అంతే. ఇంకా పెద్ద వాల్వు వేయించాలా?

జవాబు: వద్దండి, చిన్నది వేయించాలి. వాల్వు కాగితాల్లో కేవీఎస్ అని ఒక అంకె ఉంటుంది. వాల్వు పూర్తిగా తెరిచి, దానికి అటూ ఇటూ 1 బార్ (అంటే 100 కిలోపాస్కల్స్) ప్రెషర్ తేడా ఉంటే గంటకు ఎన్ని ఘనపు మీటర్ల నీళ్లు పోతాయో అది చెబుతుంది. మీ కాయిల్‌కి గంటకు 1 ఘనపు మీటరు కావాలనుకుందాం. కేవీఎస్ 10 ఉన్న వాల్వులో అంత నీరు పోతే తగ్గే ప్రెషర్ 1 కిలోపాస్కల్ మాత్రమే, అదే కాయిల్‌లోనూ దాని పైపుల్లోనూ కలిపి 20 తగ్గుతోందనుకోండి, మొత్తం 21లో వాల్వు చేతిలో ఉన్నది 1. ఇంక అది దేన్ని అదుపు చేస్తుంది? సగం మూసుకున్నా గదికి పెద్దగా తేడా తెలియదు, మూసుకునే కొసకు వచ్చేసరికి మాత్రం కాస్త కదిలితే చాలు నీళ్లు ఒక్కసారిగా పడిపోతాయి. మీ మోటారు ఆ కొసలోనే అటూ ఇటూ కొట్టుకుంటోంది.

కేవీఎస్ 2.5 అయితే తగ్గేది 16. అంటే 36లో 16, సుమారు 0.44. దీన్ని వాల్వు అథారిటీ అంటారు, 0.5 దగ్గర్లో ఉంటే మంచిది, 0.25 కంటే దిగనివ్వకూడదు. ఆ 16 వృథా అని కొందరు బాధపడతారు గానీ కాదు, అదుపు కావాలంటే అది ఇవ్వాల్సిందే. కాకపోతే ఆ లైనుకి 36 కిలోపాస్కల్స్ అందుతున్నాయో లేదో ముందు కొలిపించండి. వాల్వు ఈక్వల్ పర్సెంటేజ్ రకమే (మొదట్లో నీళ్లు కొద్దికొద్దిగా, తెరిచేకొద్దీ ఎక్కువెక్కువగా వదిలేది) అడగండి, ఎందుకంటే నీళ్లు సగం చేసినా కాయిల్ చల్లదనం సగానికి పడిపోదు, ఆ తేడాని సరిదిద్దేది ఈ రకమే.

ఇంకొకటి, ఇన్సులేషన్ కాస్త విప్పి వాల్వు ఒంటి మీద బాణం గుర్తు ఎటు ఉందో చూడండి. గ్లోబ్ వాల్వుని (లోపలి బిళ్ల పైకీ కిందికీ కదిలి దారి మూసే రకం) తిరగేసి బిగిస్తే మూసుకునే ముందు టకటకా కొట్టుకుంటుంది. వాల్వుకి ముందు స్ట్రైనర్ (చెత్తని ఆపే జల్లెడ) కూడా ఉండాలి, చిన్న వాల్వులో చెత్త తొందరగా ఇరుక్కుంటుంది.

ప్రశ్న: ప్రెషర్ ఇండిపెండెంట్ వాల్వు పెడితే ఈ లెక్కలు అక్కర్లేదంటున్నారు, నిజమేనా?

జవాబు: చాలావరకు నిజమే. లోపలున్న రెగ్యులేటరు ప్రెషర్ తేడాని స్థిరంగా ఉంచుతుంది కాబట్టి ఎంత నీరు కావాలో చూసుకుని ఎంచుకుంటే సరిపోతుంది. కానీ దానికీ కనీస ప్రెషర్ తేడా ఒకటి ఉంటుంది, అది అందకపోతే మామూలు వాల్వులాగే నడుస్తుంది, కాబట్టి పంపుకి అన్నిటికంటే దూరంగా ఉన్న యూనిట్ దగ్గర కొలవకుండా మాత్రం కొనకండి.