షార్ట్‌వేవ్ వినడం గురించి

చి॥ అమ్మలూకు ఆశీస్సులు.

మర్ఫీ రేడియో క్షేమంగా చేరిందని మీ నాన్న చెప్పాడు. సంతోషం. కానీ వెంటనే ప్లగ్గు పెట్టవద్దు. ఇన్నేళ్లు కరెంటు ఎరగని వాల్వుల సెట్టు అది. ఒక్కసారిగా 230 వోల్టులు తగిలితే పాత కెపాసిటర్లు దెబ్బతింటాయి, ట్రాన్స్‌ఫార్మరూ కాలిపోవచ్చు. ముందు తెలిసిన మెకానిక్కుకు చూపించు. వెనక అట్ట నువ్వు విప్పకు తల్లీ. స్విచ్చి ఆపినా లోపల కరెంటు కాసేపు నిలిచే ఉంటుంది.

బాగై వచ్చాక ఏరియల్‌గా డాబా మీద పది మీటర్ల రాగితీగ కట్టించు. మా రోజుల్లో గదిలోనే జాలీ ఏరియల్ కట్టుకునేవాళ్లం. ఇప్పుడు ఎల్‌ఈడీ బల్బులు, ఛార్జర్లు చేసే గరగర ముందు అది చాలదు. వినేటప్పుడు వాటిని ఆపెయ్యి. ఉరుములు మొదలయ్యేలోపే తీగ ఊడదీసెయ్యి.

చీకటి పడ్డాక షార్ట్‌వేవ్‌లో, అంటే దూరదేశాల స్టేషన్లు పలికే తరంగాల్లో, డయలు మీద 49, 41, 31 మీటర్ల బ్యాండ్లు చూడు. ఎండవేళ ఆకాశంలో ఒక పొర ఆ తరంగాలను మింగేస్తుంది, రాత్రికి అది పోతుంది. పగలైతే 19 మీటర్లు మేలు. ఇప్పటి పట్టికల్లో మెగాహెర్ట్జ్‌లు ఉంటాయి. 300ను ఆ అంకెతో భాగిస్తే మీటర్లు వస్తాయి. 9.6 అంటే 31 అన్నమాట.

ఇక అసలు సంగతి. స్టేషన్లు మార్చే మీట వేళ్ల కొసలతో పట్టుకో. వెంట్రుకవాసి కదిలితే రెండు స్టేషన్లు దాటిపోతాయి. హోరు ఉన్నట్టుండి తగ్గిందంటే అక్కడ స్టేషను ఉన్నట్టే, మాట వినబడకపోయినా సరే. అక్కడే ఆగు. గొంతు కాసేపు దగ్గరకు వస్తుంది, కాసేపు నూతిలోకి దిగుతుంది. అప్పుడు మీట ముట్టుకోకు. శ్రీలంక నుంచి వచ్చే రేడియో సిలోన్‌లో తెలుగు అనౌన్సరు మీనాక్షి పొన్నుదురై గారు వేసిన పాట చరణం మధ్యలో మునిగిపోతే నాకు ప్రాణం కొట్టుకునేది, చెయ్యి మీట మీదికి పోయేది. మా నాన్న నా చెయ్యి పట్టుకుని ఆపేవారు. పల్లవి మళ్లీ మొదలయ్యేసరికి పాట తనంతట తానే తేలేది.

బీబీసీ హిందీ షార్ట్‌వేవ్ 2020లో ఆగిపోయింది. నాకది ఇప్పటికీ బాధే. అయినా చైనా, రుమేనియా, వియత్నాం స్టేషన్లు ఇంకా పలుకుతున్నాయి. ఒక నోటుబుక్కు పెట్టుకో. విన్న సమయం అందులో రాయి, మన సమయంలోంచి అయిదున్నర గంటలు తీసేసి; అదే స్టేషన్లు వాడే ప్రపంచ సమయం. ఎలా వినబడిందో ఆ స్టేషనుకు ఉత్తరం రాస్తే, నువ్వు విన్నది నిజమేనని చాలామంది కార్డు పంపుతారు.

మొదటిరాత్రి ఏం విన్నావో, ఏ మీటరు మీదో, నాకు రాయి.

మీ తాతయ్య