టెనెంట్లు అడిగిన ఫెన్సే వెయ్యాలా?

ప్ర: సార్, మారతహళ్లి పీజీలో ఉంటా, రాత్రిళ్లు ఇళ్లు కట్టి అద్దెకిచ్చే పాత ‘కన్‌స్ట్రక్టర్’ కంప్యూటర్ గేమ్ ఆడుతున్నా. చవగ్గా అయిపోతుందని అన్ని ఇళ్లకీ చెక్క ఫెన్సే వేసేశా, ఇప్పుడేమో వేరేది కావాలని టెనెంట్ల నుంచి కంప్లైంట్ల మీద కంప్లైంట్లు. మొత్తం పీకేసి మార్చాలా?
– ఓ పాఠకుడు, బెంగళూరు

జ: అన్నీ పీకొద్దు బాబూ, చెక్కా పోయె డబ్బూ పోయె అవుద్ది. 1997లో సిస్టమ్ 3 కంపెనీ తీసిన ఈ గేమ్‌లో టెనెంట్ల మూడ్ బాగుండటమే అసలు సంగతి, కాబట్టి ఎవరు అడిగారో ఆ ఇంటికే, వాళ్లు అడిగిందే వెయ్యండి, అదీ రెంట్ బాగా వచ్చే ఇల్లు ముందు, కొత్త టెనెంట్లని పుట్టించే పనిలో పెట్టిన ఇల్లు ఆ తర్వాత, మిగతావి చూద్దాంలే. (మన ఊళ్లో పది నెలల అడ్వాన్స్ తీసుకున్న ఓనర్ కొళాయి మార్చమంటే ఫోనెత్తడు, ఇక్కడ మాత్రం ఓనరే పరిగెత్తాలి!) ఇంకోటి, ఉన్నదంతా ఫెన్సులకే తగలెయ్యకండి, పక్క కంపెనీ వాడు మీ ఇళ్ల మీదకి హిప్పీలనో దొంగనో తోలితే రిపేర్లకి చేతిలో కాస్త ఉండాలిగా. కొత్తగా కట్టే ఇళ్లకైతే టెనెంట్ దిగి నోరు తెరిచాకే ఫెన్స్ సంగతి చూడండి.